మార్సేయ్‌కి ఒక్క పూట చాలదు: గుంటూరు నుంచి వెళ్లొచ్చి రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నాను, ఇది ఒక ఊరి మీద రివ్యూ. హోటలు, తిండి, బోటు, సబ్బు అన్నీ వస్తాయి కానీ మార్కులు మాత్రం ఊరికే వేస్తున్నాను. ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు ఎందుకు కోశానో కూడా రాస్తాను.

మా అబ్బాయి మార్సేయ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఫ్రాన్స్‌కి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంటుంది, పారిస్ తర్వాత ఆ దేశంలో పెద్ద ఊరు అదే. మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇవ్వగానే నేనూ మా ఆవిడా బయల్దేరాం. విజయవాడలో ఒక ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడుకున్నాం, పేరు రాయను. వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో పారిస్ నాలుగు రోజులు, స్విట్జర్లాండ్ నాలుగు రోజులు, మార్సేయ్‌కి ఒక్క పూట! "అక్కడ చూడ్డానికి ఏం లేదు సార్, హార్బరూ ఒక చర్చీ, అంతే, పైగా దొంగలెక్కువ" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కన్నకొడుకు ఉన్న ఊళ్లో ఒక్క పూటేంటి బాబూ అని పట్టుబట్టి, స్విట్జర్లాండ్ మొత్తం తీసేయించి ఆరు రోజులు మార్సేయ్‌కి పెట్టించుకున్నాం. మేం చేసిన మంచి పని అదే.

వాళ్లు చేసిన పని ఏమిటంటే, పాత రేవుకి ఎదురుగా అని చెప్పి బుక్ చేసిన హోటలు తీరా వెళ్లి చూస్తే ఊరికి ఉత్తరాన, గోడౌన్లు క్రేన్ల మధ్య, రేవుకి నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. ఫోన్ చేస్తే మ్యాప్‌లో దగ్గరే చూపించింది సార్ అన్నారు. రెండో రోజే ఖాళీ చేసి, కట్టిన డబ్బులు వదులుకుని, పాత రేవు వెనక సందులో చిన్న గదిలోకి మారాం. మీరు బుక్ చేసుకునేటప్పుడు హోటల్ వాళ్లు రాసుకున్నది నమ్మకండి, 'వ్యూ పోర్' అనే మెట్రో స్టేషన్ నుంచి నడిచి పది నిమిషాల్లో చేరేదైతేనే తీసుకోండి. వ్యూ పోర్ అంటే పాత రేవు అనే అర్థం. ఊరంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పారిస్ నుంచి టీజీవీ అనే వేగం రైల్లో మూడు గంటల పైచిలుకు పట్టింది. దూరం 750 కిలోమీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి మనం కూర్చునే టైమ్ గుర్తొచ్చింది, ఇంకేం చెప్పను. మార్సేయ్ స్టేషన్ గుట్ట మీద ఉంటుంది, బయటికి రాగానే కిందికి 104 మెట్లు, మెట్ల కింద నుంచి ఊరు మొదలై ఎర్ర పెంకుల ఇళ్లతో పరుచుకుని ఉంటుంది, ఎదురుగా దూరంగా ఇంకో కొండ, దాని మీద గుడి లాంటి కట్టడం, దాని నెత్తిన బంగారు విగ్రహం ఎండకి మెరుస్తూ. మా ఆవిడ సూట్‌కేసు వదిలేసి అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంది.

ఇక ఊరు. పొద్దున్న ఎనిమిదింటికల్లా పాత రేవు దగ్గరికి వెళ్లండి. మూడు వైపులా ఊరు, ఒక వైపు సముద్రంలోకి సన్నటి దారి, ఆ దారికి అటూ ఇటూ రెండు కోటలు కాపలా, మధ్యలో వందల పడవల తెరచాప కొయ్యలు. ఊరి వైపు గట్టు మీద రోజూ పొద్దున చేపలమ్ముతారు. బారులు తీరిన మార్కెట్ అనుకోకండి, మేం వెళ్లిన రోజుల్లో పది బల్లలు కూడా లేవు. పడవ వచ్చి గట్టుకి ఆనుతుంది, అందులోని ట్రేలు నేరుగా బల్ల మీదికి ఎక్కుతాయి, మొగుడు వల సర్దుకుంటూ ఉంటే పెళ్లాం తూకం వేస్తుంది. ఎర్రగా, ఒళ్లంతా ముళ్లతో, చూస్తే చెయ్యి పెట్టబుద్ధి కాని చేప ఒకటుంది, రాస్కాస్ అంటారు. అది నోరు తెరుస్తూ మూస్తూనే ఉంది. పక్క ట్రేలో పక్కటెముకల దగ్గర బొటనవేలి ముద్ర లాంటి నల్ల మచ్చ ఉన్న పల్చటి చేప. మా ఆవిడ బాపట్ల ఆడపడుచు, చేప చూస్తే ఊరుకోదు, ఒక పెద్దావిడ బల్ల దగ్గర ఆగి మొప్ప ఎత్తి చూస్తానని సైగ చేసింది. ఆవిడ కాసేపు తేరిపార చూసి, తనే రబ్బరు గ్లవుజు వేసుకున్న చేత్తో మొప్ప పైకెత్తి చూపించింది. లోపల దానిమ్మ గింజ రంగు. మా ఆవిడ తల ఊపింది, ఆవిడా తల ఊపింది. ఇద్దరికీ ఒక్క ముక్క భాష కలవదు. మేం చేప కొనలేదు, వండుకునే వీలు లేదు కాబట్టి. కానీ ఆ తర్వాత రోజూ అటు వెళ్లినప్పుడల్లా ఆవిడ మా ఆవిణ్ణి పలకరించేది.

ఆ గట్టు మీదే నార్మన్ ఫోస్టర్ అనే పెద్ద ఆర్కిటెక్టు 2013లో కట్టిన పందిరి ఉంది. సన్నటి స్తంభాల మీద పైకప్పు మొత్తం అద్దంలా మెరిసే స్టీలు, కింద నిలబడి తలెత్తితే చేపల బల్లలూ మనుషులూ పడవలూ అన్నీ తలకిందులుగా కనపడతాయి. ఎండకి నీడ, పిల్లలకి ఆట.

ఈ రేవు ఎంత పాతదో వింటే ఆశ్చర్యపోతారు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ తీరంలో ఉన్న ఫోకాయా నుంచి గ్రీకు వర్తకులు ఓడల్లో వచ్చి ఇక్కడే దిగారు. మస్సాలియా అని పేరు పెట్టారు. మన అమరావతి స్తూపం కంటే ముందు సంగతి ఇది. ఫ్రాన్స్‌లో ఇంతకంటే పాత నగరం లేదు. వాళ్లు చెప్పుకునే కథేమిటంటే, ఓడ దిగిన రోజున అక్కడి రాజు కూతురికి పెళ్లి విందు జరుగుతోంది, ఆ అమ్మాయి గిప్టిస్ ఎవరికి పానపాత్ర అందిస్తే వాడే వరుడు, ఆమె తీసుకెళ్లి అప్పుడే వచ్చిన గ్రీకు వాడు ప్రోటిస్ చేతిలో పెట్టిందట. అచ్చం మన స్వయంవరం. కథ సంగతి ఎలా ఉన్నా రేవు మాత్రం నిజం. 1967లో షాపింగ్ సెంటర్ కట్టబోతూ తవ్వితే పాత రేవు గోడలు, గట్లు బయటపడ్డాయి, వాటిని అలాగే ఉంచి చుట్టూ తోట చేసి పక్కనే మ్యూజియం పెట్టారు. బట్టల షాపు మెట్లు దిగితే గ్రీకుల నాటి రేవు! ఆ మ్యూజియానికి రెండు గంటలు కేటాయించుకోండి.

ఇంకో కథ కూడా చెప్పాలి, మనకీ సంబంధం ఉంది కాబట్టి. మార్సేయ్ వాళ్లు గోరంతలు కొండంతలు చేస్తారని మిగతా ఫ్రాన్స్‌లో పేరు. దానికి సామెత, "సార్డీన్ చేప వచ్చి మార్సేయ్ రేవుకి అడ్డం పడింది" అని. సార్డీన్ అంటే మన కవళ్ల లాంటి చిన్న చేప. కానీ అసలు జరిగింది ఏమిటంటే, 1780లో సార్టీన్ అనే ఓడ నిజంగానే ఈ రేవు నోట్లో మునిగి దారి మూసేసింది. అది మన దేశం నుంచి, పుదుచ్చేరి యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లకి పట్టుబడి విడుదలైన ఫ్రెంచి వాళ్లని ఎక్కించుకుని వస్తున్న ఓడ. దారిలో ఇంగ్లీషు ఓడ ఫిరంగులు పేల్చింది, అలాగే ఈదుకుంటూ ఇంటి గుమ్మం దాకా వచ్చి మునిగింది. ఒక్క అక్షరం మారి ఓడ చేపైంది. ఆ కోటల మధ్య నిలబడి మా వాడు ఇది చెప్తుంటే, ఎక్కడి పుదుచ్చేరి, ఎక్కడి ఈ సందు అనిపించింది.

రేవుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చిన్న పడవ నడుస్తుంది, ఫెర్రీ బోట్ అనే అంటారు వాళ్లు కూడా. ఐదు నిమిషాలు కూడా పట్టదు. అనవసరం, నడిచి వెళ్లొచ్చు కదా అనుకోకండి, ఎక్కండి.

రెండో రోజు 60వ నంబరు బస్సెక్కి కొండ మీదికి వెళ్లాం. స్టేషన్ దగ్గర నుంచి మా ఆవిడ దణ్ణం పెట్టిన విగ్రహం అదే. చర్చి పేరు నోత్ర్ దామ్ ద లా గార్ద్, కానీ ఊళ్లో ఎవరూ ఆ పేరు వాడరు, 'బొన్ మేర్' అంటారు. మంచి తల్లి అని. 1864లో ప్రారంభమైంది, పైన బిడ్డనెత్తుకున్న మేరీమాత విగ్రహం 11 మీటర్ల ఎత్తు, బంగారు పూత. ఇంద్రకీలాద్రి మీద నుంచి కృష్ణని చూసిన వాళ్లకీ, గుణదల మేరీమాత కొండ ఎక్కిన వాళ్లకీ నేను వేరే వివరించక్కర్లేదు. కొండ మీద అమ్మ, కింద నీళ్లు, నీళ్ల మీద బతికే జనం. లోపలికి వెళ్తే పైకప్పు నుంచి బొమ్మ ఓడలు వేలాడుతుంటాయి, చిన్న చిన్నవి, తాళ్లూ తెరచాపలూ అన్నీ ఉన్నవి. తుఫానులో బయటపడిన వాళ్లు మొక్కు తీర్చుకున్నవి. గోడల నిండా పాలరాతి పలకలు, ఒక్కో దాని మీద ధన్యవాదం, ఒక తేదీ. పెయింటింగులు కూడా, మునిగిపోతున్న పడవ, పైన మబ్బులో అమ్మ. పూజారి ఎవరూ ఏమీ చెప్పరు, మనకే అర్థమవుతుంది. మా ఆవిడ ఒక అరగంట బెంచీ మీద కూర్చుండిపోయింది. బయట గోడ మీద గుంటలు గుంటలుగా ఉన్నవి 1944లో జర్మన్ల నుంచి ఊరిని విడిపించిన యుద్ధంలో తగిలిన తూటాల దెబ్బలు. పూడ్చకుండా అలాగే ఉంచారు.

అక్కడ గాలి గురించి చెప్పాలి. మిస్త్రాల్ అంటారు, ఉత్తరం నుంచి రోన్ నది లోయలో పడి వస్తుంది. ఆకాశంలో మబ్బు ముక్క ఉండదు, ఎండ కళ్లు చెదిరేలా ఉంటుంది, గాలి మాత్రం మనిషిని నెట్టేస్తుంది. మా మూడో రోజు షతో దిఫ్ అనే జైలు దీవికి టికెట్లు తీసుకున్నాం, 16వ శతాబ్దంలో ఫ్రాన్స్వా రాజు కట్టించిన కోట అది, తర్వాత జైలైంది. గాలి వల్ల బోట్లు రద్దు. డబ్బులు వెనక్కిచ్చారు. కాబట్టి దీవులకి వెళ్లాలనుకుంటే చివరి రోజుకి పెట్టుకోకండి, మొదట్లోనే పెట్టుకుంటే గాలి ఆగాక మళ్లీ వెళ్లే వీలుంటుంది. ఒక్క పూట ప్యాకేజీలో వచ్చిన వాళ్లకి ఆ వీలుండదు, అది కూడా నా బాధ.

బోట్లు లేవు కదా అని ఆ రోజు మా వాడు నోవాయ్ పేటకి తీసుకెళ్లాడు. రేవు దగ్గర మొదలయ్యే పెద్ద వీధి పేరు కనబియేర్, ఒకప్పుడు ఓడల తాళ్లు పేనే జనపనార ఇక్కడ ఉండేది కాబట్టి ఆ పేరు. ఆ వీధి మీద నాలుగడుగులు వేసి కుడివైపు సందులోకి తిరిగితే గుంటూరు పట్నం బజార్లోకి వచ్చినట్టే ఉంటుంది. ఆలివ్ కాయల బస్తాలు, ఉప్పులో ఊరేసిన నిమ్మకాయలు, ఖర్జూరం, పుదీనా కట్టలు, అరుపులు, తోపుడు బండ్లు. ఈ ఊరు మొత్తం వచ్చి చేరిన వాళ్లదే. ఇటలీ వాళ్లు వచ్చారు, నరమేధం తప్పించుకుని ఆర్మేనియా వాళ్లు వచ్చారు, 1962లో అల్జీరియాకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఓడల కొద్దీ జనం దిగారు, ట్యునీషియా, మొరాకో, కొమొరోస్ దీవుల వాళ్లు వచ్చారు. ఫుట్‌బాల్ ఆడిన జిదాన్ తల్లిదండ్రులు అల్జీరియా నుంచి వచ్చిన వాళ్లే, అతను పుట్టింది ఈ ఊరి ఉత్తరాన ఒక పేదల కాలనీలో.

నేను మిర్చి కమీషన్ వ్యాపారంలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను, ఎండుమిర్చి కనపడితే కాలు ఆగిపోతుంది. ఒక కొట్లో గోనె సంచి నోరు తెరిచి పెట్టి ఉంది. ఒక కాయ తీసుకుని తొడిమ దగ్గర విరిచాను. టప్‌మని విరిగింది, వంగలేదు, అంటే ఎండు బాగుంది. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమంది. తాలు కాయ ఒక్కటి లేదు, గ్రేడింగ్ చక్కగా చేశారు. రంగు ముదురు ఎరుపు, తోలు మందం. కొస కొరికి చూస్తే ఘాటు మాత్రం మన తేజ రకంలో పావు వంతు లేదు, మన 334 రకంలో సగం లేదు. కొట్టు ఆయన నన్ను చూస్తూ నిలబడ్డాడు. మా వాడు ఫ్రెంచిలో మా నాన్నకి ఇదే వ్యాపారం అని చెప్పాడు. ట్యునీషియా కాయ అన్నాడాయన. వెంటనే లోపలికెళ్లి డబ్బాలోంచి ఎర్రటి ముద్ద తీసి రొట్టె ముక్క మీద రాసి ఇచ్చాడు. హరీసా. ఎండుమిర్చి నానబెట్టి, వెల్లుల్లి, ధనియాలు, షాజీరా లాంటి గింజ వేసి నూరి, ఆలివ్ నూనె పోస్తారు. చింతపండు లేని పండుమిర్చి పచ్చడి అనుకోండి, అంతే తేడా. ట్యునీషియా హరీసాని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన పండుమిర్చి పచ్చడి గురించి కూడా ఎవరైనా అలా పూనుకోవాలని అక్కడే అనుకున్నాను. నేను తెచ్చుకున్న తేజ కారం ప్యాకెట్ ఒకటి మర్నాడు తీసుకెళ్లి ఆయనకిచ్చాను. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒక కిలో ఆలివ్ కాయలు డబ్బు తీసుకోకుండా కట్టిచ్చాడు.

తిండి విషయానికి వస్తే అందరూ అడిగేది బుయ్యాబెస్ గురించి. చేపల పులుసు. ఇది ఖరీదైన వంటకం, మనిషికి 75 యూరోలు పెట్టాం, ముందు రోజే చెప్పి ఉంచాలి. తక్కువకి దొరికే చోట తినకండి, 1980లో అక్కడి హోటళ్ల వాళ్లు కలిసి నియమాలు రాసుకున్నారు, ఏ చేపలు వేయాలి, కనీసం ఎన్ని రకాలు వేయాలి అని. మొదట్లో ఇది అమ్ముడుపోని ముళ్ల చేపలతో బెస్తవాళ్లు ఒడ్డునే వండుకున్న వంట. పొద్దున్న మనం చూసిన రాస్కాస్ లేకుండా అది బుయ్యాబెస్ కాదు. ముందు చారు తెస్తారు, ఇటుక రంగులో, కుంకుమపువ్వు, సోంపు మొక్క, టమాటా, ఆలివ్ నూనె వాసనతో. కరకరలాడే రొట్టె ముక్కల మీద మనమే పచ్చి వెల్లుల్లి రుద్దుకుని, రూయ్ అనే ఎర్రటి వెల్లుల్లి మిరప ముద్ద పూసి చారులో వదలాలి. రూయ్ అంటే తుప్పు, రంగు వల్ల ఆ పేరు. తర్వాత వేరే పళ్లెంలో ఉడికిన చేపలు మొత్తంగా తెచ్చి చూపించి, మన ముందే ముళ్లు తీసి పెడతారు. చారు నాకు చాలా నచ్చింది, రెండోసారి పోయించుకున్నాను, అడిగితే పోస్తారు. చేప ముక్క మాత్రం మన నాలుకకి చప్పగా ఉంటుంది, ఉప్పూ కారం ముక్కకి పట్టించే పద్ధతి వాళ్లది కాదు. పులుపు అసలుండదు. మా ఆవిడ తీర్పు: చారు వాళ్లది, ముక్క మనది. జీవితంలో ఒకసారి తినాల్సిందే, రెండోసారికి ఆ డబ్బులతో నాలుగు రోజులు వేరే తినొచ్చు.

సబ్బు. మార్సేయ్ సబ్బు అని ప్రపంచమంతా అమ్ముతారు, ఆ పేరున్న ప్రతిదీ అక్కడిది కాదు. ఇటుక లాగా చతురస్రంగా, రంగు లేకుండా సువాసన లేకుండా, మీద 72 శాతం అని అచ్చు గుద్ది ఉంటుంది, అది నూనె లెక్క. ఆకుపచ్చది ఆలివ్ నూనెతో. 1688లోనే రాజు పేరున శాసనం వచ్చింది, ఆలివ్ నూనె తప్ప వేరే కొవ్వు వేయకూడదని. తర్వాత్తర్వాత నూనెలు మారాయి, 19వ శతాబ్దంలో వేరుశనగ ఓడల కొద్దీ వచ్చి ఇక్కడి మిల్లుల్లో ఆడేది, అందులో పుదుచ్చేరి రేవు నుంచి వెళ్లిన మన దక్షిణాది కాయ కూడా బోలెడు. లావెండరు రంగుల్లో, గులాబీ వాసనల్లో కట్టి పెట్టినవి టూరిస్టుల కోసం, వదిలేయండి. మేం ఆకుపచ్చ దిమ్మలు ఆరు తెచ్చాం, రెండు నెలలుగా ఒకటే వాడుతున్నాం, ఇంకా సగమైనా అరగలేదు.

ఇప్పుడు నా మనసుకి బాగా దగ్గరైన చోటు, ట్రావెల్స్ వాళ్ల ఏ లిస్టులోనూ లేనిది. లాంషాన్ ప్యాలెస్. రాజుగారిది కాదు, ఎవరి నివాసమూ కాదు, నీళ్లు వచ్చినందుకు కట్టిన భవనం! 1830లలో ఈ ఊరికి కరువొచ్చింది, వెంటనే కలరా వచ్చింది, తాగడానికి మంచినీళ్లు లేవు. అప్పుడు ద్యురాన్స్ నది నుంచి కొండలు తొలిచి, లోయల మీద రాతి వంతెనలు కట్టి, 80 కిలోమీటర్ల పైగా కాలవ తవ్వి 1849లో నీళ్లు ఊళ్లోకి తెచ్చారు. ఆ కాలవ చేరే చోట ఈ భవనం కట్టి 1869లో ప్రారంభించారు. మధ్యలో నది స్త్రీ రూపంలో నిలబడి ఉంటుంది, అటు పక్క ద్రాక్ష, ఇటు పక్క గోధుమ, కింద నాలుగు ఎద్దులు, వాటి కాళ్ల కింద నుంచి నీళ్లు దూకుతుంటాయి. కొండ మీద చర్చి కట్టిన ఎస్పెరాండ్యూయే దీనికీ ఆర్కిటెక్టు. సరిగ్గా అదే కాలంలో, 1832-33లో మన గుంటూరు సీమలో డొక్కల కరువొచ్చి ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఆ తర్వాతే విజయవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు, అది 1855కి పూర్తయింది. మా తాతలు ఆ కాలవ కింద వరి పండించారు, ఆ నీళ్లతోనే మా ఇంట్లో చదువులు వచ్చాయి. ఆ ఎద్దుల ముందు నిలబడితే గొంతు పట్టేసింది. మన కాలవల లాకుల దగ్గర కనీసం ఒక బొమ్మ, ఒక పలక పెట్టి ఎవరు తవ్వారో ఎందుకు తవ్వారో రాయాలి. నేను చిన్నప్పటి నుంచీ ఆ లాకుల మీద నడిచాను, నాకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఇంకా పని చేస్తున్న రేవు. పెద్ద కంటైనర్ ఓడలు ఇప్పుడు ఊరికి పడమర ఫోస్ అనే చోట ఆగుతాయి, ఊళ్లోకి ప్రయాణికుల ఓడలు వస్తాయి. రేవు వెనక అద్దాల టవరు ఒకటి 147 మీటర్లు, జాహా హదీద్ అనే ఆర్కిటెక్టు డిజైను, అది సీఎంఏ సీజీఎం అనే ఓడల కంపెనీ ఆఫీసు. ఆ పేరు చూసి ఆగిపోయాను. చిలకలూరిపేట హైవే మీద, మన కోల్డ్ స్టోరేజీల ముందు, కంటైనర్ల మీద రోజూ చదివే పేరు అదే. మా ఆవిడకి చూపిస్తే తనూ గుర్తుపట్టింది.

1869లో సూయజ్ కాలవ తెరిచాక మన వైపు నుంచి ఓడలో వెళ్లే వాళ్లలో చాలామంది యూరప్‌లో అడుగుపెట్టే గుమ్మం ఈ ఊరే. 1910 జూలై 8న ఇంగ్లీషు వాళ్లు ఖైదీగా తీసుకెళ్తున్న సావర్కర్ ఓడ కిటికీలోంచి దూకి ఈదింది ఈ ఊరి రేవులోనే, ఒడ్డు చేరాడు కానీ పట్టుకుని మళ్లీ ఇంగ్లీషు వాళ్లకి అప్పగించారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి తెచ్చిన మన సిపాయిలు దిగింది ఇక్కడే, తిరిగి వెళ్లని వాళ్లు కొందరు ఊరి దక్షిణాన మజార్గ్ శ్మశానంలో ఉన్నారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ గాంధీగారు ఓడ దిగింది కూడా మార్సేయ్‌లోనే. ఇవన్నీ ఆలోచించుకుంటూ సాయంత్రం ముసెం మ్యూజియం డాబా మీద కూర్చున్నాం. కాంక్రీటుతో అల్లిన వల లాంటి భవనం అది, 2013లో తెరిచారు, డాబా మీదికీ, అక్కణ్ణుంచి సన్నటి వంతెన మీదుగా పాత కోటలోకీ వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. సూర్యుడు సముద్రం వైపు దిగుతాడు. మనకి సూర్యలంకలో ఉదయించడమే చూడటం అలవాటు.

మా వాడి కాలేజీ లుమినీ అనే చోట, బస్సు ఆఖరి స్టాపు. అక్కణ్ణుంచి అడవిలో గంట లోపు నడిస్తే కలాంక్‌లు. తెల్లటి సున్నపురాయి కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతాయి, మధ్యలో చీలికల్లో పచ్చటి నీళ్లు, అడుగున రాళ్లు కనపడేంత తేటగా. 2012 నుంచి నేషనల్ పార్కు. నీళ్ల సీసాలు మోసుకెళ్లండి, దారిలో చుక్క దొరకదు, చెప్పులతో వెళ్లకండి. ఎండాకాలం మంటల భయంతో దారులు మూసేస్తారు, కొన్ని చోట్లకి ముందే నెట్‌లో పేరు రాయించుకోవాలి, వెళ్లే ముందు రోజు చూసుకోండి.

అర మార్కు సంగతి. ఊరు శుభ్రంగా ఉండదు. పాత రేవు వెనక సందుల్లో చెత్త సంచులు పేరుకుపోయి ఉంటాయి. జేబు దొంగల భయం ఉన్నమాట నిజమే, మెట్రోలో ఒకడు నా భుజం సంచి జిప్పు సగం లాగాడు, మా వాడు కేకేస్తే దిగిపోయాడు. చీకటి పడ్డాక తెలియని పేటల్లో తిరగకండి. దీనికంటే బాధ కలిగించింది వేరే. నోవాయ్ పేటలో ఒబాన్ వీధిలో 2018 నవంబర్ 5న రెండు పాత భవనాలు కూలి ఎనిమిది మంది చనిపోయారు. ఎక్కువమంది అద్దెకి ఉన్నవాళ్లు. ఆ ఖాళీ జాగా దగ్గర ఇప్పటికీ జనం ఆగి నిలబడుతున్నారు, మేమూ నిలబడ్డాం. అంత ఖర్చు పెట్టి రేవు ముందు అద్దాల పందిరి వేసిన ఊరు నాలుగు వీధుల వెనక ఇళ్లని చూసుకోలేదే అని కోపం వస్తుంది. ఆ కోపం అక్కడి వాళ్లలోనూ ఉంది, గోడల మీద రాసి ఉంది.

శాకాహారులకి: భయపడకండి. నోవాయ్‌లో కూరగాయల కూస్‌కూస్, అంటే గోధుమ రవ్వతో చేసేది, దొరుకుతుంది. ఇంకోటి తప్పకుండా తినండి, వేసవిలో పాత రేవు నుంచి లెస్టాక్ అనే పల్లెకి సిటీ వాళ్లే బోటు నడుపుతారు, దిగగానే రోడ్డు మీద చిన్న బంకులు, అక్కడ పనీస్ అమ్ముతారు. శనగపిండి నీళ్లలో ఉడికించి, చల్లారాక గట్టిపడ్డ దాన్ని ముక్కలు కోసి నూనెలో వేయించి, ఉప్పు చల్లి కాగితం పొట్లంలో ఇస్తారు. బయట కరకర, లోపల వెన్న. మేం రెండు పొట్లాలు తిని మూడోది చెప్పాం. ఇంటికొచ్చాక మా ఆవిడ చేసింది, మొదటిసారి పిండి పల్చనై నూనెలో విడిపోయింది, రెండోసారి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న కోస్తే నిలబడింది. ఉప్పుతో పాటు కొంచెం తేజ కారం కూడా చల్లింది.